యూటా స్కోన్లకి ఫ్రోజెన్ పిండి ముద్దలు పనికొస్తాయా?
అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్కోన్ అంటే ఇంగ్లండ్ వాళ్లు ఓవెన్‌లో కాల్చుకునేది కాదు, ఈస్ట్‌తో పొంగిన పిండిని నూనెలో వేయించి, తేనె కలిపిన వెన్న రాసుకుని వేడివేడిగా తినేది. సాల్ట్ లేక్ సిటీకి వచ్చాక ఇది మా ఇంట్లో అందరికీ తెగ నచ్చేసింది. పిండి కలిపే ఓపిక లేని రోజున సూపర్ మార్కెట్‌లో దొరికే ఫ్రోజెన్ డిన్నర్ రోల్స్ (చిన్న బన్నులు) పిండి ముద్దలు తెచ్చాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున బయట పెట్టి రెట్టింపయ్యేదాకా ఆగి, చేత్తో పల్చగా సాగదీసి 180 డిగ్రీల సెల్సియస్ నూనెలో వేస్తే పూరీలా పొంగాయి, లోపల బన్నులా మెత్తగా, ఎంత బాగున్నాయో! పిండిలో తీపి కాస్త ఎక్కువే. నూనె సరిగా కాగకముందే మాత్రం వేయకండి, మొదటి వాయి మొత్తం నూనె పీల్చేసింది. పిల్లలకైతే దాల్చినచెక్క పొడి, పంచదార చల్లి ఇవ్వండి.