మొదటి పిస్టల్ కొనే ముందు: అమెరికాలో ఎక్కడ, ఎలా కాల్చి చూడాలి

మొదటిసారి పిస్టల్ కొనేవాళ్లలో చాలామంది ముందు మోడల్ తేల్చేసుకుంటారు, తర్వాత దాన్ని ఒకసారి కాల్చి చూడ్డానికి రేంజ్ వెతుకుతారు. ముందు తేలాల్సింది రేంజ్. అద్దెకు తుపాకులిచ్చే రేంజ్‌లు అమెరికాలో చాలానే ఉన్నా, మూడు నాలుగు పిస్టళ్లు ఒకదాని తర్వాత ఒకటి నిదానంగా పోల్చుకోనిచ్చేవి కొన్నే. మిగతావి సరదాకి బాగుంటాయి, ఎంపికకు పనికిరావు.

దానికన్నా ముందు వీసా సంగతి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. రేంజ్‌లో పది నిమిషాలు అద్దెకు తీసుకున్నా అదే లెక్క. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, ఆపైన ఇమిగ్రేషన్ చిక్కులు వేరే. కౌంటర్‌లో డ్రైవింగ్ లైసెన్సు చూసి లోపలికి పంపేశారు కదా అని ధీమా వద్దు. నిషేధం వర్తించేవాళ్లం కామని రాసున్న కాగితం మీద సంతకం చేసేది మనమే. చూడ్డానికి వచ్చిన అత్తమామలకి ఫొటో కోసం పిస్టల్ చేతికివ్వడం కూడా ఇందులోకే వస్తుంది, తెలిసి ఇచ్చినవాళ్లూ ఇరుక్కుంటారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి, పౌరులకి ఈ అడ్డంకి లేదు.

లాస్ వేగస్‌లోని టూరిస్టు రేంజ్‌ల దగ్గర మొదలుపెడదాం, ఎక్కువమంది తొలిసారి తుపాకీ పట్టుకునేది అక్కడే కాబట్టి. ఏర్పాట్లలో వంక పెట్టడానికి లేదు. చాలావాటికి హోటల్ నుంచి తీసుకెళ్లే వ్యాన్ ఉంటుంది, భుజం పక్కనే శిక్షకుడు నిలబడతాడు, ప్యాకేజీలో మెషిన్‌గన్ కూడా కలిపి ఇస్తారు. లోపం కూడా అందులోనే ఉంది. మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల పెట్టె) నింపేదీ, స్లయిడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగేదీ, తూటా ఇరుక్కుని జామ్ అయితే విడిపించేదీ వాళ్లే. మన వంతు ట్రిగ్గర్ నొక్కడం, పది తూటాలతో సరి. రేపు ఇంట్లో ఆ పనులన్నీ మన చేత్తో అవుతాయా లేదా అన్నది అక్కడ తేలదు. భయం పోగొట్టుకోవడానికి వెళ్లొచ్చు, మోడల్ ఎంచుకోవడానికి మాత్రం కాదు.

అసలు పని జరిగేది ఊరి శివార్లలో, తుపాకుల దుకాణంతో కలిసి ఉండే ఇండోర్ రేంజ్‌లలో. బయల్దేరే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోవాలి. తుపాకీకింత అని అద్దె తీసుకుంటారా, లేక ఒక్కసారి కట్టేస్తే ఒకటిచ్చి ఇంకొకటి మార్చుకోనిస్తారా? తూటాలు వాళ్ల దగ్గరే కొనాలా? అక్కడే కొంటే అద్దె డబ్బు ధరలో తగ్గిస్తారా? మార్చుకోనిచ్చే చోటు దొరికితే కాస్త దూరమైనా అక్కడికే వెళ్లండి. ఇంకో సంగతి: సొంత తుపాకీ లేకుండా ఒంటరిగా వచ్చినవాళ్లకి చాలా రేంజ్‌లు అద్దెకివ్వవు. ఆత్మహత్యలను ఆపడానికి పెట్టుకున్న నియమం అది, వాదించి లాభం లేదు. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. ఆ తోడుతో కింద ఇంకో పని కూడా ఉంది.

లోపలికి అడుగుపెట్టగానే పొగ ఎటు పోతోందో చూడండి. గాలి మన వీపు వైపు నుంచి టార్గెట్ల వైపు కదలాలి. పొగ మొహం చుట్టూ తిరుగుతూ ఉంటే దానితోపాటు సీసం ధూళి కూడా పీలుస్తున్నట్టే, అలాంటి చోట డబ్బు కట్టకుండా వెనక్కి రావడం మేలు. గర్భిణులు అసలు వెళ్లకూడదు, సీసం వల్లా, చప్పుడు వల్లా. పక్క లేన్‌లో ఎవరైనా రైఫిల్ కాలుస్తుంటే ఆ అదురుకు కొత్తవాళ్ల చెయ్యి కుదురుగా ఉండదు. పిస్టళ్లకే వేరుగా గది ఉందేమో అడగండి, లేకపోతే జనం పలచగా ఉండే పనిదినం ఉదయం వెళ్లండి. ఇండోర్‌లో పిస్టల్ పేలుడు 160 డెసిబెల్స్ దాకా పోతుంది, 140 దాటితే ఒక్క దెబ్బకే చెవి పాడవచ్చు. అందుకే లోపల ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ. మెడ దగ్గర వదులుగా ఉండే బట్టలు వేసుకోవద్దు. కాల్చగానే బయటికి ఎగిరే కేసు (తూటా ఖాళీ తొడుగు) కాలుతూ ఉంటుంది, అది కాలర్‌లో పడితే చేతిలో పిస్టల్ ఉందని మరిచి గెంతులేస్తారు. రేంజ్‌లో నిజంగా ప్రమాదకరమైన క్షణం అదే.

ఆరుబయట రేంజ్‌లలో, ఫీనిక్స్ దగ్గరి బెన్ ఏవరీ, లాస్ వేగస్ దగ్గరి క్లార్క్ కౌంటీ కాంప్లెక్స్ లాంటి చోట్ల, గాలీ చప్పుడూ చాలా నయం. కాకపోతే అలాంటి చోట్లకి ఎక్కువమంది సొంత తుపాకులతో వస్తారు. అద్దె సంగతి ముందే అడగాలి. సీజ్‌ఫైర్ (అందరూ కాల్చడం ఆపాలి) అనగానే మ్యాగజైన్ తీసి, స్లయిడ్ వెనక్కి లాక్ చేసి, బల్ల మీద పెట్టి గీత వెనక్కి వచ్చేయాలి. ఆ వ్యవధిలో తుపాకీని వేలితో తాకినా బయటికి పంపేస్తారు.

ఏవి కాల్చాలి? సన్నటి పాయింట్ 22 తూటా వాడే పిస్టల్ ఒకటి, రూగర్ మార్క్ 4 లాంటిది, మొదట. దానితో పెద్దగా తన్ను (పేలినప్పుడు చేతికి తగిలే వెనకదెబ్బ) లేకుండా గురి, ట్రిగ్గర్ అలవాటవుతాయి. తర్వాత అన్నీ 9 ఎంఎం లోనే ఉంచుకోండి. తూటా ఒకటే అయితేనే పిస్టళ్ల మధ్య తేడా తెలుస్తుంది. గ్లాక్ 19 అందరి దగ్గరా ఉంటుంది, దాన్ని కొలబద్దగా పెట్టుకోండి. దాని పక్కన ట్రిగ్గర్ తీరు వేరుగా ఉండే బెరెటా 92 గానీ సీజడ్ 75 గానీ ఒకటి. మొదటి గుండుకి ట్రిగ్గర్ పొడవుగా, బరువుగా వస్తుంది, రెండోదాని నుంచి తేలికవుతుంది. ఆ మార్పు కొందరికి నచ్చదు. చివర్లో సిగ్ పీ365 లాంటి చిన్నది.

చిన్నదైతే ఆడవాళ్లకి, కొత్తవాళ్లకి సులువని కౌంటర్లలో ఇప్పటికీ చెప్తుంటారు. ఆ మాట నమ్మొద్దు. ఖాళీ మ్యాగజైన్‌తో గ్లాక్ 19 సుమారు 24 ఔన్సులు, పీ365 సుమారు 18. తూటా అదే అయినప్పుడు తేలిక తుపాకీయే గట్టిగా తంతుంది. పైగా చిన్న స్లయిడ్ వెనక స్ప్రింగ్ సాధారణంగా బిగువుగా ఉంటుంది, లాగడం కష్టం. 13.5 ఔన్సుల రూగర్ ఎల్‌సీఆర్ రివాల్వర్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, బరువైన ట్రిగ్గర్‌తో ఐదు గుళ్లు కాల్చాక మళ్లీ నింపాలనిపించదు. స్లయిడ్ దగ్గర ఇబ్బంది పడేవాళ్లకి స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ తీసి చూపించమనండి, తేలిగ్గా లాగడం కోసమే దాన్ని తయారుచేశారు.

స్లయిడ్ రాలేదంటే చాలాసార్లు లోపం బలంలో ఉండదు, పట్టులో ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలుతో గిల్లినట్టు పట్టుకుంటే రాదు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, పిస్టల్‌ని ఛాతీ దగ్గరికి తెచ్చుకుని, ఎడమ అరచేతిని స్లయిడ్ మీదుగా వేసి నాలుగు వేళ్లతో బిగించాలి. అప్పుడు స్లయిడ్‌ని వెనక్కి లాగుతూ కుడిచేత్తో పిడిని ముందుకి నెట్టాలి. చివరిదాకా లాగి ఒక్కసారిగా వదిలెయ్యాలి. చేత్తో సాగనంపితే తూటా సరిగా కూర్చోదు. పట్టులో ఎడమ బొటనవేలు స్లయిడ్ వెనక్కి రాకూడదు, వస్తే చర్మం చీరుతుంది. రివాల్వర్‌కి జాగ్రత్త వేరు: సిలిండర్‌కీ (తూటాలుండే గుండ్రటి భాగం) గొట్టానికీ మధ్య సందులోంచి వేడి వాయువు చిమ్ముతుంది, వేళ్లు అక్కడికి పోకూడదు.

పిడి కొలత ఇలా చూడండి. గొట్టం ముంజేతికి తిన్నగా ఉండేలా పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడాలి. వేలు అందక చెయ్యి పక్కకి తిప్పాల్సి వస్తే ఆ పిస్టల్ పెద్దది. పిడి వెనక పలక మార్చుకునే వీలున్న మోడళ్లలో చిన్నది వేయమని అడగొచ్చు.

ప్రతి పిస్టల్‌తోనూ మొదటిసారి మ్యాగజైన్‌లో ఒక్క తూటాయే పెట్టండి. తన్నుకు బెదిరి వేలు మళ్లీ బిగుసుకుంటే రెండోది పైకప్పుకు పోతుంది. తర్వాత ఏడు గజాల దూరంలో ఐదేసి చొప్పున నాలుగు కాగితాలు, ప్రతి కాగితం మీద మోడల్ పేరు రాసి పెట్టుకోండి. మూడు 9 ఎంఎం పిస్టళ్లకీ కలిపి 50 తూటాల పెట్టెలు రెండు సరిపోతాయి. అంతకుమించితే చేతులు అలిసి, చివరి పిస్టల్‌కి అన్యాయం జరుగుతుంది. ఆఖర్న మొదటిదాన్ని మళ్లీ ఐదు కాల్చి చూస్తే అలసట ఎంత ఉందో తెలిసిపోతుంది.

కాగితం చదవడంలో ఒక మెలిక ఉంది. రంధ్రాలన్నీ దగ్గరదగ్గరగా ఉండి, మధ్యలో కాక పక్కన పడితే అద్దె పిస్టల్ సైటు (గురి చూసే గుర్తు) కదిలి ఉండొచ్చు. గుంపు ఎంత చిన్నదన్నదే చూడండి. జామ్‌లదీ అంతే. అద్దె పిస్టళ్లు సరిగా శుభ్రం చేయకుండా వేలకొద్దీ గుళ్లు కాల్చినవి, ఒక జామ్‌కి మోడల్‌ని కొట్టిపారేయొద్దు. ఖాళీ కేసు పొగగొట్టంలా నిలబడి ఇరుక్కుంటే తప్పు చాలావరకు వదులు మణికట్టుది. పైగా అరిగిన ట్రిగ్గర్ కొత్తదానికన్నా మెత్తగా ఉంటుంది, కొన్నాక తేడా తెలుస్తుంది.

ఇక తోడు వచ్చినవారి పని. 9 ఎంఎం డమ్మీ తూటాలు రెండు, అసలువి మూడు కలిపి మనకి కనబడకుండా మ్యాగజైన్ నింపమనండి. డమ్మీ వచ్చినప్పుడు పేలదు గానీ, పేలుతుందన్న బెదురుకు గొట్టం కిందికి దిగడం ఇద్దరికీ కనబడుతుంది. కుడిచేతివాళ్ల గుళ్లు ఎడమవైపు కిందికి పడటానికి మామూలు కారణం ఇదే. అన్నిటికన్నా తక్కువ బెదురు ఏ పిస్టల్‌తో వచ్చిందో దాన్ని జాబితాలో పైన రాయండి. క్లిక్ తర్వాత నిజంగా పేలని తూటా కూడా అయ్యుండొచ్చు కాబట్టి, ముప్పై సెకన్లు గొట్టం టార్గెట్ వైపే ఉంచి అప్పుడు తీయాలి. వెళ్లేటప్పుడు సబ్బుతో చేతులూ మొహమూ కడుక్కోండి, అప్పటిదాకా నీళ్లు కూడా తాగొద్దు. పాకే పిల్లలున్న ఇంట్లోకి ఆ చెప్పులు తేవద్దు.

వేరే రాష్ట్రంలో కాల్చి చూసి నచ్చితే అక్కడే కొని తెచ్చుకోవడం కుదరదు. పిస్టల్‌ని సొంత రాష్ట్రంలోని లైసెన్సున్న డీలర్‌కి పంపించి, తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక అక్కడ తీసుకోవాలి. కాలిఫోర్నియా వాళ్లు నెవాడాలో మనసు పడే ముందు తమ రాష్ట్రం ఆమోదించిన పిస్టళ్ల జాబితా చూసుకోవాలి, అందులో లేని కొత్త మోడల్‌ని అక్కడి డీలర్ మామూలు కొనుగోలుదారుకి అమ్మలేడు. జాబితాలో ఉన్నా పది రోజులు ఆగాలి, మ్యాగజైన్ పది తూటాలకి మించకూడదు. ఇల్లినాయ్‌లో ముందు ఫాయిడ్ కార్డు (తుపాకీ యజమానులకి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు), న్యూయార్క్‌లో ముందు లైసెన్సు ఉండాలి. డీలర్లు ఈ బదిలీకి తీసుకునే రుసుము ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉంటుంది, పిస్టల్ బయల్దేరకముందే అడిగి తెలుసుకోండి.