ట్రౌట్ ఫ్లైలు కట్టే కిట్: ఆరేళ్ల వాడకంలో ఏది నిలిచింది, ఏది పోయింది

ఫ్లై అంటే ట్రౌట్ చేపను మోసగించడానికి గాలానికి ఈకలు, దారం చుట్టి చేసే ఉత్తుత్తి పురుగు. గాలాన్ని పట్టి ఉంచే వైస్, దారపు ఉండను పట్టే బాబిన్, కత్తెర, హాకిల్ (పుంజు ఈక) చుట్టే ప్లయర్స్, ఆఖరి ముడి వేసే విప్ ఫినిషర్, దబ్బనం అన్నీ ఒకే పెట్టెలో వచ్చే చవక కిట్ ఇది. ఆరేళ్ల వాడకం, అదీ ఎక్కువగా కొలరాడోలోని సౌత్ ప్లాట్ నది కోసం 16, 18 సైజు (అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నది) ఫీజెంట్ టెయిల్ నింఫ్‌లు, అంటే ఫీజెంట్ పక్షి తోక ఈకతో చేసే, నీటిలోని పిల్ల పురుగును పోలిన ఫ్లైలు కట్టడానికే. వాటిలో ఇవాళ్టికీ బల్ల మీద ఉన్నవి విప్ ఫినిషర్, దబ్బనం మాత్రమే.

డబ్బు పెట్టాలంటే ముందు బాబిన్ మీద పెట్టండి. అందరూ వైస్ గురించే అడుగుతారు గానీ, దారం తెగేది బాబిన్ గొట్టం మూతి దగ్గర. చవక లోహపు గొట్టం అంచున కంటికి ఆనని గరుకు ఉంటుంది. 70 డెనియర్ సన్న దారం దానికి రాసుకుని పోగులు లేచి, సరిగ్గా ఆఖరి ముడి వేసేటప్పుడు పుటుక్కుమంటుంది. చిన్న దూది పింజను మూతి చుట్టూ తిప్పి చూడండి. పీచు చిక్కుకుందంటే ఆ గొట్టం పనికిరాదు. సిరామిక్ మూతి ఉన్నది తెచ్చాక ఈ బెడద పూర్తిగా పోయింది. అయితే గచ్చు మీద పడితే సిరామిక్ చిట్లుతుంది, చిట్లిన అంచు దారాన్ని కోసేస్తుంది. బిగువు సంగతి: దారం పట్టుకుని వేలాడదీస్తే బాబిన్ తనంతట జారకూడదు, కాస్త లాగగానే జారాలి. మరీ బిగుతుగా ఉంటే రెండు కాళ్లనూ కొద్దిగా బయటికి వంచండి.

ఇక వైస్. దవడలు మెత్తటి ఉక్కు కావడంతో రెండో ఏడాదికల్లా గాలం కూర్చునేచోట గాడి పడింది. గాలం కన్ను (దారం కట్టే బెజ్జం) మీద వేలితో నొక్కితే కాడ వంగి టక్కున లేవాలి, కిందికి తిరిగిపోతే పట్టు లేనట్టే. అలాగని ఇంకా బిగిస్తే 18 సైజు గాలం వంపు దగ్గరే విరుగుతుంది. గాలం సైజు మార్చినప్పుడల్లా దవడల ఎడం సర్దుకోవాలి. గట్టి ఉక్కు దవడలుంటే చాలు, గాలాన్ని గుండ్రంగా తిప్పే రోటరీ ఏర్పాటు లేకపోయినా ఈ నింఫ్‌కి లోటు లేదు.

ఈ ఫ్లైని ఇంగ్లండ్‌లో ఏవన్ నది సంరక్షకుడు ఫ్రాంక్ సాయర్ అసలు దారమే లేకుండా, సన్న రాగితీగతో, ఫీజెంట్ తోక పోగులతో కట్టారు. నెమలి పింఛం పోగులతో ఛాతీ చేర్చిన అమెరికన్ పద్ధతి ఆల్ ట్రాత్‌ది. 16 సైజుకి తోకకు ఐదారు పోగులు చాలు. వాటి మొదళ్లనే ముందుకు చుట్టి ఒళ్లు చేయాలి. తీగను మాత్రం పోగులకు ఎదురు దిక్కున, నాలుగైదు చుట్లు వేయాలి. ట్రౌట్ పళ్లకు పోగు తెగినా తీగ పట్టి ఉంచేది అందుకే. ఛాతీకి రెండు మూడు పింఛం పోగులు. ఉత్తవి చుట్టేస్తే ఒక్క చేపకే తెగిపోతాయి, దారంతో కలిపి మెలిపెట్టి చుట్టాలి. కొత్తవాళ్లకు చెడేది తల దగ్గర: కన్ను వెనక కన్నంత జాగా ఖాళీగా వదలకపోతే ముడికి చోటుండదు, టిప్పెట్ (ఫ్లైని కట్టే చివరి సన్న దారం) దూర్చే బెజ్జం ముడి మీద పూసే సిమెంటు జిగురుతో పూడిపోతుంది.

నెమలీకలు ఇండియా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకోవద్దు. రాలిన ఈకలైనా భారతదేశం నుంచి బయటికి పంపడం నిషేధం. ఇక్కడి అమెరికా షాపుల్లోనే కొనండి.

కిట్‌తో వచ్చిన హాకిల్ ఇండియన్ కేప్, అంటే మన పుంజు మెడ తోలే. రంగు అచ్చం డేగ, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఈకలు పొట్టి, మొదట్లో మెత్తటి నూగు ఎక్కువ. నీళ్లు పీల్చే ఆ నూగు మునగాల్సిన వెట్ ఫ్లైకి వరం, తేలాల్సిన డ్రై ఫ్లైకి శాపం. డ్రై ఫ్లైలకు హాకిల్ కోసమే పెంచిన పుంజుల శాడిల్ (నడుము) ఈకలు తీసుకోండి. ఒక్క పొడవాటి ఈకతో నాలుగైదు ఫ్లైలు వస్తాయి.

కొత్తగా తెచ్చిన ఏ ఈకనైనా పాతవాటితో వెంటనే కలపకండి. జిప్ సంచిలో వారం ఫ్రీజర్‌లో, రెండు రోజులు బయట, మళ్లీ వారం ఫ్రీజర్‌లో ఉంచండి. మొదటిసారి బతికిన పురుగు గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చినా, అవి రెండోసారి చస్తాయి.