బడి ఎన్నికల సరంజామా: ఏది పనికొస్తుంది, ఏది హంగు

ఒకటి నుంచి ఐదు తరగతులున్న బడిలో, పిల్లలే ఓటేసి ప్రతినిధులను ఎన్నుకునే బాలల సంఘం అనగానే ముందు సమకూర్చేవి మూడు: ఫోన్‌లో నడిచే ఓటింగ్ యాప్, గెలిచిన పిల్లలకు మంత్రుల బ్యాడ్జీలు, సలహాల పెట్టె. హడావిడంతా మొదటిదానికే. పనికొచ్చేది మూడోది.

యాప్ (5కి 3). రెండు ఫోన్ల రకమే తీసుకోండి. ఒకటి చాటున పిల్లలు ఓటు నొక్కే బ్యాలెట్ యూనిట్, ఇంకొకటి టీచరు చేతిలో ఒక్కో ఓటుకు అనుమతిచ్చే కంట్రోల్ యూనిట్. ఒక్క ఫోన్ రకమైతే ఓటు ఓటుకీ టీచరు వచ్చి తెర నొక్కాలి, ఇక రహస్యం ఎక్కడిది? బ్యాలెట్ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయాలి, లేదంటే ఓటు మధ్యలో ఎవరో కాల్ చేస్తారు. స్క్రీన్ పిన్ చేయకపోతే, అంటే ఆ యాప్ ఒక్కటే తెర మీద నిలిచేలా బిగించకపోతే, చిన్న వేలు జారి యాప్ బయటికొచ్చేస్తుంది. ఒకటో తరగతికి పేర్లు చదవడం రాదు కాబట్టి ఫొటో, గుర్తు రెండూ ఉండాలి. గుర్తులు బొంగరం, పలక, జామకాయ లాంటివి పెట్టండి. సైకిలు, ఫ్యాను, కారు, గాజు గ్లాసు మాత్రం వద్దు, ఊరి రాజకీయం ఆ పూటే బడి గేటు దాటుతుంది. బీప్ వినడానికే మళ్లీ వరుసలోకొచ్చే ఘనులుంటారు, వేలికి సిరా చుక్క తప్పదు. ఫలితాల తెర అందరికీ చూపించకండి. ఒక్క ఓటు, అదీ తనదే, వచ్చిన పిల్ల ముఖం చూడలేం. గెలిచినవాళ్ల పేర్లు చదివితే చాలు. నలభై మంది బడికైతే గుర్తులు గీసిన చీటీలు, ఒక డబ్బా సరిపోతాయి.

బ్యాడ్జీలు (5కి 1). 'క్రమశిక్షణ మంత్రి' అని తగిలిస్తే ఆ పిల్లాడు చేసేది ఒక్కటే: మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం. తరగతి మాట పైకి చేర్చాల్సినవాడు తరగతి మీద కాపలా అయిపోతాడు.

పెట్టె (5కి 4). ముందు భాగంలోంచి లోపల కనిపించే రకం కొనకండి, చీటీలు బయటికి తెలిసిపోతాయి. నేల నుంచి మూడడుగుల ఎత్తులో, హెడ్మాస్టరు గది దగ్గర కాకుండా, కుళాయిల వైపు బిగించండి. పేరు రాయక్కర్లేదు, తరగతి రాస్తే చాలు. ఒకటి, రెండు తరగతులు బొమ్మ గీసినా చెల్లుతుంది. రెండు తాళాలుండాలి, చెవులు ఇద్దరి దగ్గర. ఏకోపాధ్యాయ బడైతే రెండో చెవి యాజమాన్య కమిటీలోని ఒక తల్లికివ్వండి. శనివారం తెరిచాక కొట్టడం, తాకడం, భయం గురించిన చీటీలు ముందే వేరు చేయాలి. అవి సమావేశంలో చదివేవి కావు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాల్సినవి ఉంటాయి. లైంగిక వేధింపు అయితే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి.

మిగతావి సంఘం ముందుకు: పదిహేను రోజులకోసారి, అరగంట, రెండే విషయాలు. బ్రిటన్‌లోని వేల్స్‌లో బడి సంఘాల 2005 నిబంధనలు ఏడాదికి కనీసం ఆరు సమావేశాలు జరగాలన్నాయి. మన దగ్గర చాలాచోట్ల ప్రమాణ స్వీకారమే ఆఖరి సమావేశం! ఒక పొడుగు నోటుబుక్కులో నాలుగు గడులు గీయండి: విషయం, నిర్ణయం, ఎవరు చేస్తారు, ఏమైంది. సబ్బు, కుళాయి లాంటి కోరికలకు ప్రభుత్వ బడి ఖర్చులకు ఏటా వచ్చే సమగ్ర శిక్షా కాంపోజిట్ గ్రాంటులో స్వచ్ఛతకు కేటాయించే 10 శాతం ఉంది. కుదరనిదాన్ని కుదరదనే చెప్పండి, ఎందుకో నోటీసు బోర్డులో రాయండి. జవాబు రాని పెట్టెలో నెల తిరిగేసరికి చాక్లెట్ కాగితాలే ఉంటాయి.

పెట్టెకి దారంతో పెన్సిలు కట్టండి. వారానికోసారి కొత్తది కట్టాల్సి వస్తుంది, ముందు మాయమయ్యేది అదే.