ఐ2సీ మెసేజ్‌కి బఫర్ ఎవరిది ఉండాలి? వర్చువల్ డ్రైవర్‌లో మూడు పద్ధతులు, ఏది మేలు?

పోయిన నెల మా టీమ్‌లో చేరిన అనంతపురం అబ్బాయి తన మొదటి ప్యాచ్ రివ్యూకి పెట్టాడు. గెస్ట్‌లో, అంటే వర్చువల్ మెషీన్‌లో నడిచే ఐ2సీ డ్రైవర్ అది. ఐ2సీ అంటే బోర్డు మీది చిప్పులు మాట్లాడుకునే బస్సు, బఫర్ అంటే ఆ మెసేజ్ డేటా ఉండే మెమరీ ముక్క. మారతహళ్లిలో మెస్‌కి వెళ్లి భోజనానికి కూర్చున్నా వాడి ధ్యాస దాని మీదే ఉంది. "అక్కా, మీ కోడ్‌లో ప్రతి మెసేజ్‌నీ ఒకసారి కాపీ చేస్తున్నారు. నేను ఆ కాపీ తీసేసినా. అడిగినోళ్ల బఫర్‌నే నేరుగా హోస్ట్‌కి ఇచ్చేస్తే సరిపోతుంది కదక్కా?" అన్నాడు. మంచి ప్రశ్న. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను, అలాగే రాశాను కూడా. పప్పన్నం చల్లారేలోపు చెప్పి ముగించే జవాబు కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కార్ల ఇన్ఫోటైన్‌మెంట్ బోర్డుల మీద పనిచేసే మనవాళ్లు బెంగళూరులో చాలామంది ఉన్నారు, వాళ్లకి ఈ ఏర్పాటు కొత్త కాదు. ఒకే చిప్, దాన్ని రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లకి పంచే హైపర్‌వైజర్, ఒక పక్క హోస్ట్‌గా లినక్స్, ఇంకో పక్క గెస్ట్‌గా ఆండ్రాయిడ్. టచ్, సెన్సర్, ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్ లాంటివి ఐ2సీ బస్సు మీద ఉంటాయి. ఆ బస్సు హోస్ట్ చేతిలో ఉంటుంది. గెస్ట్‌కి ఉన్న దారల్లా వర్ట్‌ఐఓ క్యూ, అంటే గెస్ట్, హోస్ట్ ఇద్దరూ చూడగలిగే మెమరీలోని వరస, ఒక్కటే. అందులోకి ప్రతి మెసేజ్ మూడు ముక్కలుగా వెళ్తుంది. మొదట చిరునామా, ఫ్లాగులు ఉన్న 8 బైట్ల హెడర్, తర్వాత అసలు డేటా, చివర హోస్ట్ రాసే ఒక బైటు స్టేటస్. హెడర్, స్టేటస్ ఎటూ డ్రైవర్ సొంతమే. తేల్చాల్సింది నడిమి ముక్క సంగతి.

దానికి మూడు దారులు. ఒకటి, డ్రైవరే తన రిక్వెస్ట్‌తో పాటు సొంత బఫర్ పెట్టుకుని, డేటాను అందులోకి కాపీ చేసి పంపడం. రెండు, మన అబ్బాయి చేసినట్టు అడిగినవాళ్ల, అంటే మెసేజ్ పంపమన్న డ్రైవర్ల, బఫర్‌నే హోస్ట్‌కి చూపించడం, అంటే జీరో కాపీ. మూడోది మధ్యేమార్గం: ఈ బఫర్ హార్డ్‌వేర్‌కి ఇవ్వదగిందే అని అడిగినవాళ్లు ఫ్లాగ్ పెట్టి మాట ఇస్తే దాన్నే వాడడం, లేకపోతే అప్పటికప్పుడు వేరే బఫర్ తీసుకుని కాపీ చేయడం. లినక్స్ 5.15లో వచ్చిన వర్ట్‌ఐఓ ఐ2సీ డ్రైవర్ చేసేది ఈ మూడోదే.

ముందు స్పీడు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే జీరో కాపీ అనగానే అందరికీ అదే గుర్తొస్తుంది. ఐ2సీ 400 కిలోహెర్ట్జ్ మీద నడుస్తోందనుకుందాం. ఒక్కో బైటుకి 8 బిట్లు, ఒక అక్నాలెడ్జ్ బిట్టు కలిపి 9 క్లాకులు. అంటే బైటుకి 22.5 మైక్రోసెకన్లు. ఈఈప్రామ్‌లో 64 బైట్ల పేజీ చదవాలంటే డేటాకే 1.44 మిల్లీసెకన్లు. 100 కిలోహెర్ట్జ్ బస్సయితే దానికి నాలుగింతలు. ఆ 64 బైట్లను మెమరీలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేయడానికి పట్టేది నానోసెకన్లు. బస్సు మీద పోయే సమయంలో పదివేలో వంతు కూడా ఉండదు. గెస్ట్ నుంచి హోస్ట్‌కి కబురు పెట్టడానికే అంతకన్నా చాలా ఎక్కువ ఖర్చవుతుంది. కాబట్టి ఐ2సీలో కాపీ తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. ఈ లెక్క చూపించాక మా అబ్బాయి కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మరి పోయేదేముందక్కా?" అని అడిగాడు. అసలు అడగాల్సింది అదే.

జీరో కాపీతో మొదటి చిక్కు ఆ బఫర్ ఎక్కడ ఉంటుందో మనకు తెలియకపోవడం. ఐ2సీ డ్రైవర్లు రాసేవాళ్లు రెండు బైట్లు చదవడానికి ఫంక్షన్ లోపలే చిన్న అర్రే పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అంటే డేటా స్టాక్ మీద, ఫంక్షన్ నడిచినంతసేపే ఉండే మెమరీలో, ఉంటుంది. 2016 డిసెంబరులో వచ్చిన లినక్స్ 4.9 నుంచి ఎక్స్86లో, ఆ తర్వాత ఆర్మ్64లో, కెర్నల్ స్టాక్‌ని వర్చువల్‌గా మ్యాప్ చేసిన మెమరీలో పెట్టే వీలు వచ్చింది. ఆ అడ్రస్‌ని మామూలు లెక్కతో ఫిజికల్ అడ్రస్‌గా మారిస్తే వచ్చేది తప్పుడు చోటు. హోస్ట్ పాపం ఇచ్చిన చోటే రాస్తుంది. డీబగ్ ఆప్షన్లు ఆన్ చేసి ఉంటే కెర్నల్ అక్కడికక్కడే ఆగిపోయి మనకు చెబుతుంది. ఆఫ్‌లో ఉంటే ఎవరి మెమరీ పాడైందో కనిపెట్టడం దేవుడికే సాధ్యం.

రెండో చిక్కు ఇంకా పెద్దది. అది నా అనుభవంలోకి వచ్చింది.

ఇంతకు ముందు పనిచేసిన చోట ఇలాంటి డ్రైవర్‌నే మేం సొంతంగా రాసుకున్నాం. అప్పటికి మెయిన్‌లైన్‌లో, అంటే అసలు లినక్స్ కెర్నల్‌లో, ఇది లేదు. జీరో కాపీ పెట్టాం, దానితో పాటు ఒక టైమౌట్ కూడా పెట్టాం: హోస్ట్ ఒక సెకనులో జవాబు ఇవ్వకపోతే ఎర్రర్‌తో వెనక్కి వచ్చేయడం. చూడ్డానికి బుద్ధిమంతుడి పనిలాగే ఉంటుంది. కొన్నాళ్లకి బోర్డు అప్పుడప్పుడు క్రాష్ అవడం మొదలైంది. ఒకసారి నెట్‌వర్క్ కోడ్‌లో, ఒకసారి ఫైల్ సిస్టమ్‌లో, ఒకసారి ఆడియోలో. ఒక పొంతనా లేదు. రెండు వారాలు ల్యాబ్‌లోనే గడిపాం. కెర్నల్‌లో మెమరీ తప్పుల్ని పట్టే కాసాన్ ఆన్ చేసినా పట్టుకోలేదు, ఎందుకంటే అది గెస్ట్ కోడ్ చేసే రాతల్నే చూస్తుంది, బయటి నుంచి హోస్ట్ రాసేది దానికి కనపడదు. చివరికి విడుదలైన మెమరీని ఒక గుర్తు బైటుతో నింపే స్లబ్ డీబగ్ ఆన్ చేశాం.

ఒక రాత్రి లాగ్‌లో దొరికింది. వరసగా ఆ గుర్తు బైటు 6బి, 6బి, 6బి అని ఉండాల్సిన చోట మధ్యలో ఆరు బైట్లు వేరుగా ఉన్నాయి: 00 5సీ, ఎఫ్‌ఎఫ్ 9ఏ, 3ఎఫ్ ఈ8. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. ఆఖరి రెండింటిని కలిపి హెక్స్ అంకెగా చదివితే 16360. మా బోర్డు మీద ఉన్న, త్వరణం కొలిచే యాక్సెలరోమీటర్‌కి ఒక జీ, అంటే భూమ్యాకర్షణ అంత త్వరణం, 16384. మిగతా రెండు అంకెలు సున్నాకి దగ్గరగా ఉన్నాయి. బోర్డు టేబుల్ మీద బల్లపరుపుగా పడుకుని ఉంది. ఎవరిదో మెమరీలో నేను చూస్తున్నది భూమ్యాకర్షణ రీడింగ్! సెన్సర్ డ్రైవర్ టైమౌట్ అయి బఫర్‌ని విడుదల చేసేసింది. లోడు ఎక్కువై ఆలస్యమైన హోస్ట్, ఆ తర్వాత తీరిగ్గా వచ్చి తనకిచ్చిన అడ్రస్‌లోనే జవాబు రాసి వెళ్లింది.

ఇక్కడ అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లకి ఇది ఇంకోలా చెప్పొచ్చు. పాత అద్దెవాళ్ల దగ్గర ఇంకో తాళం చెవి ఉండగానే ఇల్లు కొత్తవాళ్లకి ఇచ్చేశాం. వాళ్లు ఒకరోజు వచ్చి తలుపు తీసి తమ సామాను నట్టింట్లో పెట్టి వెళ్లారు. వాళ్ల తప్పు లేదు, చెవి వెనక్కి తీసుకోనిది మనం.

మెయిన్‌లైన్ డ్రైవర్‌కీ ఇదే ఇబ్బంది వచ్చింది. గెస్ట్ వదిలేసిన బఫర్ల మీద హోస్ట్ ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు, మెమరీ పాడవుతుంది అన్న కారణంతోనే 2021లో అందులోంచి టైమౌట్ తీసేశారు. వాళ్ల పద్ధతిలో అది సరైన నిర్ణయమే. అడిగినవాళ్ల బఫర్ హోస్ట్ చేతిలో ఉన్నంతసేపు వెనక్కి రాకూడదు. కానీ దాని మూల్యం చూడండి: హోస్ట్ పక్క ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే గెస్ట్‌లో అడిగినవాళ్లు కూడా దానితో పాటు ఇరుక్కుపోతారు.

డ్రైవర్‌కి సొంత బఫర్ ఉంటే ఈ ముడి విడిపోతుంది, అందుకే నా ఓటు దానికి. టైమ్ అయిపోయిందా, అడిగినవాళ్లకి ఎర్రర్ ఇచ్చి పంపేయొచ్చు. వాళ్ల బఫర్‌ని మనం ఎవరికీ ఇవ్వలేదు. మన రిక్వెస్ట్ మాత్రం క్యూలోనే ఉంటుంది, హోస్ట్ ఎప్పుడు తిరిగిస్తే అప్పుడు విడుదల చేస్తాం. ఈలోగా ఆలస్యంగా వచ్చిన జవాబు మన బఫర్‌లోనే పడుతుంది, ఎవరికీ హాని లేదు. హోస్ట్ మరీ చచ్చిపోతే డివైజ్‌ని రీసెట్ చేసి, స్టేటస్ సున్నా అని చదివాక, అప్పుడు అన్ని బఫర్లూ మనవే. అంతకు ముందు ఒక్కటి కూడా విడుదల చేయకూడదు.

ఇందులోనూ కష్టాలు ఉన్నాయి, అవి దాచడం న్యాయం కాదు. మొదటిది సైజు. ఐ2సీ మెసేజ్ పొడవు 16 బిట్ల అంకె, అంటే 65535 బైట్ల దాకా రావచ్చు. యూజర్ ప్రోగ్రామ్ నుంచి వచ్చేవాటికి 8192 పరిమితి ఉంది. ఐ2సీ మీదే నడిచే ఎస్‌ఎమ్‌బస్ బ్లాక్ అయితే లినక్స్‌లో 32 దాటదు. రిక్వెస్ట్‌లో 256 బైట్లు పెట్టుకుని, మా అడాప్టర్ అంతకు మించి తీసుకోదు అని కెర్నల్‌కి ముందే చెప్పేయవచ్చు. ఈఈప్రామ్ డ్రైవర్ ఎలాగూ మామూలుగా 128 బైట్ల చొప్పునే చదువుతుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కానీ టచ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ లాంటివి పెద్ద ముక్కలు పంపుతాయి, ముక్కలు చేయడం రాని డ్రైవర్‌కి ఎర్రర్ వెళ్తుంది. అందుకని నేను చిన్నవాటికి లోపలి 256 బైట్లు, పెద్దవాటికి 8192 దాకా విడిగా తీసుకున్న బఫర్ పెట్టాను. రెండో బఫర్ కూడా రిక్వెస్ట్ సొంతమే, దానితోనే పుడుతుంది, దానితోనే పోతుంది.

రెండోది శుభ్రత. ఒకే బఫర్ మళ్లీ మళ్లీ వాడుతుంటే ఒక డ్రైవర్ డేటా ఇంకొకరి చేతికి వెళ్లే ప్రమాదం ఉంది. ప్రతి రీడ్‌కి ముందు సున్నాలతో నింపాలి, స్టేటస్ సరిగ్గా ఉంటేనే వెనక్కి కాపీ చేయాలి. హోస్ట్ ఎంత రాశానని చెప్పినా మనం అడిగిన పొడవు దాటి ఒక్క బైటు కూడా తీసుకోకూడదు. ఇంకోటి, టైమౌట్ అయిన రిక్వెస్ట్‌లు క్యూలో చోటు ఆక్రమిస్తాయి. వాటికి ఒక హద్దు పెట్టి, దాటితే కొత్తవి తీసుకోకుండా ఆపాలి.

మధ్యేమార్గం గురించి ఎక్కువ చెప్పను. ఫ్లాగ్ పెట్టే డ్రైవర్లు తక్కువ, కాబట్టి ఆచరణలో ఎక్కువసార్లు కాపీయే జరుగుతుంది. ఆ కాపీ కోసం ప్రతిసారీ అప్పటికప్పుడు మెమరీ అడగాలి, అది నిద్రపోవడానికి, అంటే ఆగి ఎదురుచూడడానికి, వీల్లేని సందర్భాల్లో పనికిరాదు. షట్‌డౌన్ చివర్లో పవర్ చిప్‌తో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఇది నిజంగా అడ్డుపడుతుంది.

హోస్ట్‌ని నమ్మని కాన్ఫిడెన్షియల్ వర్చువల్ మెషీన్లలో అయితే జీరో కాపీ పేరుకే మిగులుతుంది. గెస్ట్ మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి కెర్నల్ తనంతట తానే డేటాని స్విఓటీఎల్‌బీ అనే షేర్డ్ ప్రాంతంలోకి కాపీ చేస్తుంది. అందులో చోటు ఇచ్చేది 2 కేబీ గదుల లెక్కన. హెడర్, డేటా, స్టేటస్ మూడూ విడివిడిగా మ్యాప్ అయితే రెండు బైట్ల రీడ్‌కి మూడు గదులు, 6 కేబీ. అలాంటి చోట డ్రైవర్ మొదలయ్యేటప్పుడే షేర్డ్ మెమరీ కొంచెం తీసి పెట్టుకుని, అన్ని రిక్వెస్ట్‌లనీ అందులోంచే ఇవ్వడం మేలు. సొంత బఫర్ పద్ధతిలో రాసిన కోడ్‌ని అలా మార్చడం ఒక రోజు పని, బఫర్ ఎక్కడి నుంచి తేవాలో ఒక్కచోట మారిస్తే చాలు.

నా మాట తిరగబడేది ఎస్‌పీఐ దగ్గర. ఇదీ ఐ2సీలాగే చిప్పుల మధ్య బస్సే, కానీ చాలా వేగం. 320, 240 పిక్సెళ్ల చిన్న డిస్‌ప్లే, పిక్సెల్‌కి రెండు బైట్లు అంటే ఒక ఫ్రేముకి 153600 బైట్లు. 40 మెగాహెర్ట్జ్ మీద అది వెళ్లడానికి సుమారు 31 మిల్లీసెకన్లు. కాపీ సమయం ఇక్కడా పెద్దదేం కాదు, కానీ ప్రతి ఫ్రేముకి 150 కేబీ బఫర్ ఎక్కడి నుంచి తెస్తాం? పైగా ఎస్‌పీఐలో డీఎమ్‌ఏకి, అంటే హార్డ్‌వేరే నేరుగా మెమరీని వాడుకోవడానికి, పనికొచ్చే బఫరే ఇవ్వాలన్నది ముందునుంచీ రాసి ఉన్న ఒప్పందం, స్టాక్ మీది అర్రే ఇస్తే తప్పు ఇచ్చినవాళ్లది. అక్కడ అడిగినవాళ్ల బఫర్‌నే ఇస్తాను, టైమౌట్ వచ్చిందంటే డివైజ్ రీసెట్ పూర్తయ్యేదాకా వెనక్కి రాను.

మా అబ్బాయి నిన్న రెండో ప్యాచ్ పంపాడు. కాపీ తిరిగి వచ్చింది, టైమౌట్ కూడా ఉంది. సున్నాలతో నింపడం మాత్రం మరిచిపోయాడు, ఆ లైన్ దగ్గర కామెంట్ పెట్టి వచ్చాను.