గాలం సెట్టు కొనేవాళ్లకు జాగ్రత్త: కొస దారం చూడకుండా డబ్బులివ్వకండి

గుణుపూర్, కాశీనగర్, పర్లాకిమిడి వైపు కొత్తగా గాలం వేయడం నేర్చుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా పిల్లలకు నేర్పుతున్నవాళ్లు, ఇది చదివాకే సెట్టు కొనండి.

దసరా సెలవుల్లో మా అక్క కొడుకు కోసం గుణుపూర్‌లో ఒక దుకాణంలో 1,250 రూపాయలు పెట్టి సెట్టు కొన్నాను. రీలు (దారం చుట్టే చక్రం) లేని 12 అడుగుల మడత కర్ర. దారం, బెండు, సీసం గుళ్లు, కొక్కెం అన్నీ కట్టేసి ఉన్నాయి. డబ్బా మీద ‘కార్బన్’ అని, పెద్ద దారం 0.18 మిల్లీమీటర్లు, కొస దారం, అంటే కొక్కెం దగ్గరది, 0.12 అని రాసుంది. బిల్లు అడిగితే "ఇంత చిన్నదానికి బిల్లేంటి బాబూ" అన్నాడు.

రెండో రోజే వంశధారలో కొక్కెం ఏదో వేరుకి తగులుకుంది. గాలం వేసేవాళ్లకు ఇది మామూలే. రీలు లేనప్పుడు దారం కర్ర కొసకే కట్టి ఉంటుంది కాబట్టి వదలడానికి అదనంగా దారం ఉండదు. అందుకే కొక్కెం దగ్గర జానెడు దారం సన్నగా పెడతారు. గట్టిగా లాగితే అదొక్కటే తెగాలి, కొక్కెం పోయినా కర్రా బెండూ దక్కాలి. మాకు అది తెగలేదు. కర్ర చివర జిగురుతో అంటించిన ముక్క ఊడి, దారమంతా ఏట్లోకి పోయింది. కర్ర కొస చీలిపోయింది. వాడు చేత్తో పట్టుకుంటే అరచేతిలో సన్నటి పీచు ముళ్లు దిగాయి. సూదితో ఒక్కొక్కటీ తీస్తుంటే వాడు ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. చీలిన చోట లోపలంతా తెల్ల పీచే, అంటే ఫైబర్ గ్లాసు.

ఇంటికొచ్చి డబ్బాలో మిగిలిన రెండు దారాలనూ పెన్సిల్‌కి పక్కపక్కనే 50 చుట్లు చుట్టి స్కేలు పెట్టాను. 0.18 అయితే 9 మిల్లీమీటర్లు, 0.12 అయితే 6 రావాలి. రెండూ 15 వచ్చాయి! ఒకే దారాన్ని రెండు పేర్లతో అమ్మారన్నమాట.

దుకాణం అతను వాపసు తీసుకోనన్నాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, అది లేకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడమూ తప్పే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. డబ్బా మీద తయారీదారు చిరునామా, ధర కూడా లేవు, అవి తప్పనిసరి. మీరు ముందు అదే చూడండి. తర్వాత రెండు దారాలనూ వేళ్ల మధ్య నలిపి పోల్చుకోండి. తేడా తెలియకపోతే ఆ సెట్టు వద్దు. నిజంగా కార్బన్ కర్రే దొరికితే కరెంటు తీగల దగ్గర ఎత్తకండి, అందులోంచి కరెంటు పారుతుంది.

దారం తగులుకుంటే కర్రతో గుంజొద్దని పిల్లలకు మొదటిరోజే చెప్పండి. ముందు దారం సడలించి, ఎదురు దిక్కుకు నడిచి మెల్లగా లాగాలి. రాకపోతే కర్ర కింద పెట్టి, దారాన్ని ఒక పుల్లకి చుట్టి తిన్నగా లాగాలి. ఉత్త చేతికి చుట్టుకుంటే కోసేస్తుంది. తెగిన క్షణంలో సీసం గుళ్లు కంటికి ఎగురుతాయి కాబట్టి మొహం పక్కకి తిప్పుకోవాలి.

మా దారం, కొక్కెం ఇంకా ఆ రేవులోనే ఉన్నాయి. నీళ్లు తగ్గగానే దిగి తీస్తాను. అప్పటిదాకా గుణుపూర్ దగ్గర రేవుల్లో గేదెల్ని దించేవాళ్లు ఒడ్డున వేర్ల వైపు పోనివ్వకండి.