బూట్‌లో సాఫ్ట్‌వేర్ రెయిడ్ తానే లేవాలంటే ఏ పద్ధతి మేలు?

లినక్స్‌లో రెండు డిస్కులు కలిపి, ఒకే డిస్కులా వాడే సాఫ్ట్‌వేర్ రెయిడ్ కట్టడం పెద్ద పనేమీ కాదు. రీబూట్ చేశాక అదే రెయిడ్, అదే పేరుతో, ఎవరూ కమాండ్ ఇవ్వకుండానే లేచిందా అన్నదే అసలు పరీక్ష. దీనికి మూడు పద్ధతులున్నాయి. కెర్నెల్ (లినక్స్ మూల ప్రోగ్రాం) తానే వెతికి కట్టుకోవడం ఒకటి. డిస్కు కనబడగానే యూడెవ్ (కొత్త పరికరాలను గుర్తించే ప్రోగ్రాం) దాన్ని చేర్చుకోవడం రెండోది. ఏ రెయిడ్ కావాలో ఎండీఏడీఎం (రెయిడ్‌ను కట్టి నడిపే సాధనం) కాన్ఫిగరేషన్ ఫైల్లో ముందే రాసిపెట్టడం మూడోది.

మొదటిదాన్ని త్వరగానే పక్కన పెట్టవచ్చు. పార్టిషన్ టైపును ‘ఎఫ్‌డీ’గా మార్చమని పాత పాఠాలు ఇంకా చెబుతూనే ఉన్నాయి. అది పనిచేయాలంటే మెటాడేటా (డిస్కు మీద రాసి ఉండే రెయిడ్ వివరాలు) 0.90 రకమై ఉండాలి, రెయిడ్‌ను నడిపే ఎండీ డ్రైవరు మాడ్యూల్‌గా కాకుండా కెర్నెల్‌లోనే కలిసి ఉండాలి. ఇప్పుడు ఎండీఏడీఎం ఏమీ చెప్పకపోతే రాసేది 1.2 మెటాడేటా, దాన్ని ఈ పద్ధతి పట్టించుకోదు. పైగా వేరే మెషీన్ నుంచి తెచ్చిన డిస్కు మీద కూడా ఎండీ0 అనే నంబరే ఉంటే రెండూ దాని కోసం పోటీ పడతాయి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్) లేకుండా సొంత కెర్నెల్ కట్టుకునేవారికి తప్ప ఇది అక్కరలేదు.

యూడెవ్ పద్ధతి సంగతి వేరు. డిస్కు కనబడగానే దాని మీద మెటాడేటా ఉండే చోటైన సూపర్‌బ్లాక్ చదివి సభ్యుల జాబితాలో చేరుస్తుంది, అందరూ వచ్చాక రెయిడ్‌ను నడిపిస్తుంది. ఒక డిస్కు రాకపోతే? సిస్టమ్‌డీ (బూట్‌లో సేవలను మొదలుపెట్టే ప్రోగ్రాం) వాడే లినక్స్ పంపిణీల్లో సాధారణంగా 30 సెకన్లు చూసి, మిగిలిన డిస్కులు చాలితే వాటితోనే మొదలుపెట్టే టైమర్ ఉంటుంది. ఒక్క ఫైలూ రాయకుండా ఇంత జరగడం మెచ్చుకోదగ్గదే. చిక్కల్లా పేరుతోనే. సూపర్‌బ్లాక్‌లోని హోస్టు (మెషీన్) పేరు ఇప్పటి పేరుతో కలవకపోతే అది పరాయి రెయిడ్ అనుకుని ఎండీ127 అని పెడుతుంది. మీరేమో ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు) ఎండీ0 అని రాసుకుని ఉంటారు. బూట్ అక్కడే ఆగుతుంది.

అందుకే నా ఓటు మూడో పద్ధతికి. అయితే ఇది యూడెవ్‌కు పోటీ కాదు. కట్టే పని యూడెవ్‌దే, ఏ యూయూఐడీకి (ఒక్కో రెయిడ్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఏ పేరు అన్నది మాత్రం ఫైలు చెబుతుంది. ఎండీఏడీఎం డీటెయిల్ స్కాన్ ఇచ్చే వరుసను ఫైలు చివర చేర్చితే చాలు. రెండోసారి చేర్చితే అదే వరుస రెండుసార్లు పడుతుంది కాబట్టి ఒకసారి తెరిచి చూడండి. ఇక్కడ కావలసింది కోలన్లతో నాలుగు ముక్కలుగా ఉండే రెయిడ్ యూయూఐడీ. హైఫన్లతో ఉండేది ఫైల్‌సిస్టమ్‌ది, దాని చోటు ఎఫ్‌స్టాబ్. దీన్నీ దాన్నీ తారుమారు చేసేవాళ్లు చాలామందే. డిస్కులకు లినక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు మాత్రం ఎక్కడా వాడవద్దు, అవి బూట్ బూట్‌కూ మారవచ్చు.

ఫైలు మార్చి ఊరుకుంటే మాత్రం ఏమీ మారదు. బూట్ మొదట్లో చదివేది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోని పాత నకలునే. డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, ఫెడోరాలో డ్రాకట్ నడిపితేనే కొత్తది లోపలికి వెళుతుంది. ఎండీ127 మొండిగా తిరిగి వస్తోందంటే మొదట అనుమానించవలసింది దీన్నే. రెయిడ్ మీద డేటా మాత్రమే ఉంటే ఎఫ్‌స్టాబ్‌లో ‘నోఫెయిల్’ కూడా చేర్చండి. అది లేవకపోయినా సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో పడదు. ఊరూపేరూ లేని డిస్కులు తగిలించి పరీక్షించే మెషీన్ అయితే ఫైల్లో ‘ఆటో మైనస్ ఆల్’ అన్న వరుస పెట్టండి, జాబితాలో లేనివి తమంతట తాము లేవవు.

రెయిడ్ 1 (రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండే రకం) అయితే, సిస్టమ్ ఆపి ఒక డిస్కు తీసేసి బూట్ చేయండి. అర నిమిషం ఆలస్యంగానైనా లేచి, రెయిడ్ స్థితి చూపే ఎండీస్టాట్‌లో ఒక ‘యూ’ (ఉన్న డిస్కు) పక్కన అండర్‌స్కోర్ (లేని డిస్కు) కనబడితే అమరిక సరిగ్గా ఉన్నట్టే. తర్వాత ఆ డిస్కును తిరిగి పెట్టి రీయాడ్ కమాండ్ ఇవ్వండి. బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుంచే పట్టిక) ఉంటే మారిన భాగాలే సింక్ అవుతాయి, లేకపోతే రీయాడ్ సాధారణంగా కుదరదు, యాడ్ కమాండ్ ఇచ్చి మొత్తం డిస్కు నిండేదాకా కూర్చోవాలి.