పాత కారులో కొండ ప్రయాణం: క్లచ్ పెడల్ కూలబడగానే గేర్‌బాక్సు దించనివ్వకండి

రోడ్లు బాగున్నాయి, బస బాగుంది, పైన చలి కూడా హాయిగానే ఉంది. ప్రయాణంలో అంతకు మించి చెప్పుకోవాల్సింది క్లచ్ గురించే, దాని పేరుతో గ్యారేజీల్లో జరిగే దగా గురించే. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ ఉన్న పాత కారు పెడల్ నేలకు అంటుకుపోయి లేవకపోతే, రోడ్డు పక్కన మొదట వినిపించే మాట "ప్లేటు అయిపోయింది, గేర్‌బాక్సు దించాలి". బానెట్ ఎత్తకముందే ఆ మాట అన్నారంటే తాళాలు వాళ్ల చేతికి ఇవ్వకండి. గేర్‌బాక్సు దించి ఎక్కించడం దాదాపు రోజంతా పట్టే పని. అసలు తప్పు చాలాసార్లు బొటనవేలంత సిలిండర్‌లోని రబ్బరు సీలుది. సిలిండర్ బయట ఉన్న కార్లలో దాన్ని మార్చి, ఆయిల్ లైన్లో చేరిన గాలి (ఎయిర్) తీసి బయల్దేరడానికి ఒక పూట చాలా ఎక్కువ.

క్లచ్ ప్లేటు అరిగితే కనిపించే లక్షణాలు వేరు. ఇంజన్ రేసు పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు అది మరీ తెలుస్తుంది, కాలిన వాసన కూడా వస్తుంది. హైడ్రాలిక్ పోయినప్పుడు క్లచ్ పట్టు వదలదు: పెడల్ పూర్తిగా తొక్కినా గేరు పడదు, రివర్స్ వేస్తే గరగరమంటుంది, మొదటి గేరులో బండి ముందుకు పాకుతుంది. ఇంజన్ ఆపితే గేర్లన్నీ సాఫీగా పడుతున్నాయా? అయితే గేర్‌బాక్సు బాగానే ఉన్నట్టు లెక్క. ఈ ఒక్క పరీక్ష చాలు, సగం వాదన అక్కడే తేలిపోతుంది.

తర్వాత ఆయిల్ డబ్బా చూడాలి, క్లచ్‌లో నడిచేదీ బ్రేక్ ఆయిలే. చాలా కార్లలో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే డబ్బా ఉంటుంది. క్లచ్ గొట్టం డబ్బా గోడలో కాస్త పై ఎత్తున బయల్దేరుతుంది, క్లచ్ వైపు కారినా బ్రేకుకు ఆయిల్ మిగలాలని. అందుకే డబ్బాలో ఆయిల్ కనిపిస్తూనే క్లచ్ లైను గాలి పీలుస్తుంటుంది. "ఆయిల్ ఉంది కదా" అని వదిలేసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఆయిల్ నల్లగా, మడ్డిగా ఉంటే లోపల రబ్బరు అరుగుతోందని అర్థం.

కారుతున్న చోటు వెతకడానికి టార్చిలైటు, పొడిగుడ్డ చాలు. ముందుగా కారు లోపల పెడల్ పైభాగాన, పుష్‌రాడ్ (తోసే కడ్డీ) మాస్టర్ సిలిండర్‌లోకి, అంటే ఆయిల్‌ను ఒత్తే సిలిండర్‌లోకి దూరే చోట వేలు పెట్టండి. తడి తగిలితే మాస్టర్ వెనక సీలు పోయింది. కాళ్ల కింద కార్పెట్ కూడా ఎత్తి చూడండి, ఆయిల్ అందులో ఇంకిపోయి ఉంటుంది. ఆ తర్వాత కింద గేర్‌బాక్సు పక్కన, ఆ ఒత్తిడితో క్లచ్‌ను వదిలించే స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచు తొలగించండి. ఆయిల్ బయటికొస్తే స్లేవ్ పోయినట్టే. బయట స్లేవే కనిపించక, మాస్టర్ దగ్గర పొడిగా ఉండి, డబ్బాలో ఆయిల్ తగ్గుతూ, క్లచ్‌ను మూసి ఉంచే బెల్ హౌసింగ్ అడుగున చుక్కలు పడుతుంటే స్లేవ్ లోపలే బేరింగ్ చుట్టూ ఉండే రకం. అప్పుడు మాత్రం గేర్‌బాక్సు దించక తప్పదు. ఆ చుక్క ఇంజన్ ఆయిలేమో అని అనుమానముంటే నీళ్లలో కలిపి చూడండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, ఇంజన్ ఆయిల్ తేలుతుంది.

ఎక్కడా కారకుండానే పెడల్ దిగిపోతుంటే తప్పు మాస్టర్ లోపల ఉండొచ్చు. సీలు పెదవి (ఆయిల్‌ను ఆపే అంచు) అరిగి, తొక్కిన ఆయిల్ పిస్టన్ పక్కనుంచి వెనక్కి జారుతుంది. ఒకరు పెడల్ తొక్కి అలాగే పట్టుకోవాలి, ఇంకొకరు కింద స్లేవ్ పుష్‌రాడ్ చూడాలి. రాడ్ ముందుకు వెళ్లి, పెడల్ వదలకుండానే మెల్లగా వెనక్కొస్తే మాస్టర్‌నే అనుమానించాలి. సిగ్నల్ దగ్గర గేరులో ఆగినప్పుడు బండి దానంతటదే కదలబోవడం కూడా ఈ జబ్బే. రాడ్ సగమే కదిలి, నాలుగైదుసార్లు కొట్టాక పూర్తిగా కదిలితే లైన్లో ఎయిర్ ఉంది. రాడ్ సరిగ్గానే కదులుతున్నా క్లచ్ వదలకపోతే బెల్ హౌసింగ్ లోపలి ఫోర్కు, బేరింగ్, ప్రెషర్ ప్లేటు వైపు చూడాలి.

రబ్బరు హోసును మరిచిపోతారు గానీ, పాత కార్లలో అదీ మోసం చేస్తుంది. తొక్కినప్పుడు ఉబ్బుతుంటే ఒత్తిడి అక్కడే పోతోంది. లోపలి పొర ఊడి దారి మూస్తే పెడల్ వదిలాక కూడా క్లచ్ ఆలస్యంగా పట్టుకుంటుంది. హోసును గుడ్డ చుట్టి క్లాంపుతో బిగించి పెడల్ తొక్కి చూడొచ్చు. గట్టిపడితే తప్పు క్లాంపుకు అవతల, స్లేవ్ వైపు ఉంది. అప్పటికీ దిగుతుంటే ఇవతల, మాస్టర్ వైపు. హోసు ఎండి పగుళ్లు పట్టి ఉంటే ఈ పరీక్ష వద్దు, బిగించిన చోటే చీలుతుంది.

వెనక సీట్లో పిల్లలు విసుగెత్తి "ఇంకెంతసేపు" అని అడుగుతుంటే ఎవరికైనా సగం పనితో బయల్దేరాలనిపిస్తుంది. బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, చూడకుండా మాత్రం సీలు వేయనివ్వకండి. సిలిండర్ లోపల గోరుతో గీస్తే తగిలే గుంటలున్నా, తుప్పున్నా కొత్త సీలు కొద్దిరోజుల్లోనే తెగుతుంది. అప్పుడు సిలిండరే మార్చాలి. బోరు నున్నగా ఉంటే రిపేర్ కిట్ చాలు. సీలు పెదవి ఒత్తిడి వచ్చే వైపు ఉండాలి. పూయాల్సింది తాజా బ్రేక్ ఆయిల్ లేదా రబ్బరు గ్రీజు. మామూలు గ్రీజు, ఇంజన్ ఆయిల్, పెట్రోలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పిస్టన్‌ను బిగించేస్తుంది. పైపు నట్టుకు మామూలు స్పానర్ వాడితే మూలలు గుండ్రబడతాయి, నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానరే వాడాలి. హోసును బిగించే బోలు బోల్టు (బాంజో బోల్టు) ఉంటే దాని జాయింటుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు పడాలి. మాస్టర్, స్లేవ్ ఒకే వయసువైతే రెండింటికీ ఒకేసారి కిట్ వేయించండి. ఒకటి కొత్తదై ఒత్తిడి పూర్తిగా నిలబడితే బలహీనమైన రెండోది త్వరలోనే కారడం మామూలే.

ఎయిర్ తీయడంలో తొందరపడి పాడుచేసే గ్యారేజీలే ఎక్కువ. డబ్బా నింపి, స్లేవ్ మీద గాలి వదలడానికి ఉండే నిపుల్‌కు పారదర్శక గొట్టం తొడిగి, రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. పెడల్ నెమ్మదిగా తొక్కుతుండగా నిపుల్ పావు నుంచి అర చుట్టు తిప్పి, పెడల్ అడుగుకు చేరగానే బిగించాలి. ఆ తర్వాతే పెడల్ వదలాలి. మొదట్లో అది తనంతట లేవదు, చేత్తో ఎత్తాలి. డబ్బా మధ్యలో ఖాళీ అయితే మళ్లీ మొదటికే. బుడగలు ఎంతకీ ఆగకపోతే సిరంజితో కింది నిపుల్ నుంచి పైకి ఆయిల్ ఎక్కించండి. గాలి ఎలాగూ పైకే పోతుంది కాబట్టి ఇది చాలా మొండి కార్లను దారికి తెస్తుంది, పైన డబ్బా పొంగకుండా ఒకరు చూసుకుంటే చాలు. స్లేవ్ ఊడి వేలాడుతుండగా పెడల్ తొక్కకూడదు, పిస్టన్ బయటికి దూకుతుంది. మొత్తానికి అర లీటరు ఆయిల్ సరిపోతుంది.

ఏ ఆయిల్ అన్నది డబ్బా మూత మీద రాసి ఉంటుంది, సాధారణంగా డాట్ 3 లేదా డాట్ 4. తాజా డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు, డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకు మరగవు. తేమ పట్టాక ఆ కనీస హద్దులు 140కి, 155కి పడిపోతాయి. ఈ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది, అందుకే మూత తెరిచి ఉంచిన పాత సీసాతో పని చేయించుకోవద్దు. డాట్ 5 సిలికాన్ రకం, వీటితో కలపకూడదు. డాట్ 3, డాట్ 4 పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

గ్యారేజీల సంగతికొస్తే, పెద్ద వర్క్‌షాపు పాత సిలిండర్‌కు కిట్ వేయడానికి ఇష్టపడదు, పూర్తి భాగం తెప్పించేదాకా ఆగమంటుంది. ప్రయాణంలో నా ఓటు బ్రేకు పనులు చేసే చిన్న షాపుకే. సీళ్లు, రాగి వాషర్లు, ఫ్లేర్ నట్ స్పానర్ వాళ్ల దగ్గర రోజూ వాడకంలో ఉంటాయి. తీసిన భాగం చేతికివ్వనన్న చోట పని ఒప్పుకోకండి. రాత్రి ఆగాల్సివస్తే బసలో గది కన్నా ముందు పార్కింగ్ చూడండి. వాలులో పెట్టమనే చోట, తెల్లారి క్లచ్ లేని బండిని బయటికి తేవడం ప్రమాదం.

షాపు దాకా చేరడానికి చదునైన ఖాళీ రోడ్డైతే, మొదటి గేరులో ఉంచి స్టార్టర్ తిప్పితే బండి గెంతి కదులుతుంది. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే స్విచ్ ఉన్న కార్లలో ఇది కుదరకపోవచ్చు. ట్రాఫిక్‌లో, కొండదారిలో ఈ పని అసలు వద్దు, టో బండిని పిలవండి.

పని అయ్యాక డబ్బులిచ్చే ముందు పెడల్‌కు చేత్తో నొక్కితే తెలిసేంత ఖాళీ కదలిక ఉందో లేదో చూడండి. మాస్టర్ పుష్‌రాడ్ పిస్టన్‌ను ఎప్పుడూ ఒత్తుతూ ఉంటే ఆయిల్ డబ్బాలోకి తిరిగే సన్నని రంధ్రం తెరుచుకోదు. ఇంజన్ వేడెక్కాక ఒత్తిడి పెరిగి క్లచ్ జారుతుంది, కొత్త ప్లేటు కూడా కాలిపోతుంది. చాలా కార్లలో అక్కడ ఒక మిల్లీమీటరు ఖాళీ సరిపోతుంది, ఖచ్చితమైన కొలత ఆ కారు మాన్యువల్లో చూసి లాక్‌నట్టు బిగించాలి. పది కిలోమీటర్లు నడిపి, వేడి మీద రివర్స్ వేసి చూసి, స్లేవ్ తొడుగు అంచు మళ్లీ ఎత్తి పొడిగా ఉందనుకున్నాకే కొండెక్కండి.